మూడో నాడె

గురప్ప ఇంట్లో మగ్గం ఎక్కడ ఉండాలో అతని తండ్రి నిర్ణయించాడు. రేడియో ఎక్కడ ఉండాలో మగ్గం నిర్ణయించింది. గుంతలో కాళ్ళు దింపి కూర్చున్న మనిషి ఎడమ చేయి చాపితే మీట అందేటట్టు మట్టిగోడలో గూడు తొలిచి, అందులో పెట్టాడు. ధర్మవరంలో డెబ్బైల నాటికే రేడియో లేని నేతగాళ్ళ ఇళ్ళు తక్కువ. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు మీద సినిమా పాటలు తేలుతూ ఉండేవి. గురప్ప ఇంట్లోంచి మాత్రం ఎవరికీ అర్థం కాని అరుపులు వచ్చేవి.

"ఏమప్పా గురప్పా, ఎవర్ని చంపుతాండారప్పా మీ ఇంట్లో?" అని ఎదురింటి తిమ్మన్న తన గుంతలోంచే కేకేసేవాడు. "ఆ గొంతు పిసికేది ఎవరో గాని, ఒక్క పిసుకుకు అయిపోనియ్యమను. పొద్దున్నించీ వినలేక చస్తాండాం."

గురప్ప రేడియో తగ్గించేవాడు కాదు. తిమ్మన్న మీద కోపం కూడా లేదు. తనకు వినిపించేది తిమ్మన్నకు వినిపించడం లేదు, అంతే. ఆ తేడా అతనికి లోలోపల ఇష్టంగానే ఉండేది. వీధిలో అందరూ కట్టుకునే పంచె, అందరూ తినే సంగటి, అందరూ సావుకారు ముందు నిలబడే తీరు. ఇన్నింటి మధ్య ఒక్కటి తనది.

అది అతనికి దొరికింది గుంతకల్లులో. డెబ్బయ్యో సంవత్సరం ప్రాంతం. అక్క కాన్పు సమయంలో సహాయానికని రైల్వే క్వార్టర్సుకు పోయాడు. బావ లోకో షెడ్డులో పని. పక్క క్వార్టరులో పదవీ విరమణ చేసిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒంటరిగా ఉండేవాడు. అందరూ ఆయన్ని డ్రైవరు దొర అనేవాళ్ళు. ఆదివారం కిటికీలన్నీ తెరిచి రికార్డులు పెట్టేవాడు. పెరటి గోడ మీద కూర్చున్న గురప్పకు మొదట వినిపించింది పాట కాదు, దెబ్బ. ఆ దెబ్బ అతనికి తెలుసు. పుట్టినప్పటి నుంచి దాని పక్కనే నిద్రపోయాడు. పేక పోగును లోపలికి కొట్టి బిగించే మగ్గం పలక దెబ్బే అది. కాని ధర్మవరంలో ఏ మగ్గమూ అట్లా పరుగెత్తలేదు. కట్టుకొయ్యలు పెరుక్కుని వీధిన పడి పరుగెత్తుతున్న మగ్గం అది.

దొర గోడ మీది కుర్రవాణ్ణి చూశాడు, లోపలికి రమ్మన్నాడు. రికార్డు అట్ట చేతికిచ్చాడు. జుట్టు పెంచిన నలుగురు ఇంగ్లీషు పాటగాళ్ళు.

"బాగుందా నీకు, మ్యాన్?"

గురప్ప తలూపాడు.

"వీడు కొడతాడు. వీడు తీగలు. చూడు, ఒకడు ఇంకొకడి చెయ్యి చూడడు. ఒకడు ఇంకొకడికి చెప్పడు. వింటాడు. విని కొడతాడు. అంతే మ్యాన్." ఆయన తన చెవి మీద వేలితో తట్టుకున్నాడు. "దానికి పెళ్ళి కంటే గట్టి ముడి కావాల."

దొరకు ఆ మాట చెప్పేటప్పుడు ఏం గుర్తొచ్చిందో గురప్పకు తెలియదు. కాని ఆ మాట అతనిలో దిగిపోయి, తర్వాత చాలా ఏళ్ళు తన సొంత ఆలోచనలాగే పెరిగింది.

*

గురప్ప భార్యగా రామాంజినమ్మ తనకల్లు వైపు నుంచి వచ్చింది. వాళ్ళ ఇంట్లో మగ్గం మూలపడి, అందరూ వేరుశనగ చేలల్లోకి కూలికి పోయే కాలం. నేత పని ఆమె ఇక్కడికి వచ్చాకే నేర్చుకుంది.

ధర్మవరం పట్టుచీరలో అంచుల రంగు వేరు, మధ్యనున్న ఒంటి రంగు వేరు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు కావాలి: ఒంటికి ఒక నాడె, ఎడమ అంచుకు ఒక నాడె, కుడి అంచుకు మూడో నాడె. నేసేవాడికి రెండే చేతులు. అందుకని కుడి పక్కన ఇంకొక మనిషి కూర్చుని మూడో నాడెను విసురుతూ ఉండాలి. విసిరి, ఒంటి నాడెతో మెలి వేయించి, పలక వచ్చి పడేలోగా చేయి వెనక్కి తీసుకోవాలి. ఆలస్యమైతే పోగు తెగుతుంది. ఇంకా ఆలస్యమైతే వేళ్ళు నలుగుతాయి. ఇదంతా నోటితో చెప్పుకుంటూ చేసే పని కాదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఊపిరి ఒకటి కావాలి.

పెళ్ళయిన మరుసటి సంవత్సరం ఒక మధ్యాహ్నం రేడియోలో గరగర మధ్య నుంచి ఆ నలుగురి పాట వచ్చింది. గురప్ప చేయి తనంతట తానే పాటతో పోయింది. పలక వేగం పెరిగింది. తొక్కుడు కట్టెల మీద కాళ్ళు పరుగు అందుకున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది పక్కన మనిషి ఉందని. ఆగబోయాడు. ఆగే పని లేకపోయింది. మూడో నాడె వచ్చి చేరుతోంది. ప్రతి దెబ్బకూ సరిగ్గా వెంట్రుకవాసి ముందు. అతను ఇంకా వేగం పెంచాడు, అదీ పెరిగింది. పాట మధ్యలో ఒక చోట దెబ్బ ఒక్క క్షణం ఆగి మళ్ళీ పడుతుంది. అక్కడ అతను ఆగాడు, నాడె ఆగింది. అతను కొట్టాడు; నాడె అప్పటికే దాటిపోయింది.

పాట అయిపోయాక ఓరగా చూశాడు. ఆమె పెదవులు బిగించి, కళ్ళు పోగుల మీద పెట్టి కూర్చుని ఉంది. ముక్కు మీద చెమట.

ఇది వింటోంది అనుకున్నాడు. నా చెయ్యి చూడడం లేదు. వింటోంది.

ఆ రాత్రి అతనికి కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. ఆమెను అడగలేదు. అడిగితే అది మాటయిపోతుంది, మాటయితే వీధిలో అందరికీ ఉండేదే అవుతుంది. కొన్ని ఇష్టాలు ప్రశ్నను తట్టుకోలేవు. మనిషి దాన్ని గౌరవం అనుకుంటాడు. అది భయం కావచ్చు.

అట్లా వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి వాయించారు. గురప్ప మనసులో ఉన్న మాట అదే: వాయించడం. వానలు పడలేదు, చేలు ఎండాయి, పల్లెల నుంచి జనం బెంగుళూరు బస్సులెక్కి పోయారు. ఎక్కడో పెళ్ళిళ్ళు మాత్రం ఆగలేదు కనుక మగ్గాలూ ఆగలేదు. ఇంగ్లీషు సినిమా ఆడుతోందంటే గురప్ప అనంతపురానికో గుంతకల్లుకో ఉదయం ఆటకు పోయేవాడు. తుపాకులున్నా, గుర్రాలున్నా, ముద్దులున్నా అతనికి పట్టింపు లేదు. మధ్యలో ఎక్కడన్నా ఒక గిటారు మోగితే చాలు. ప్లాట్‌ఫారం మీది పుస్తకాల అంగడిలో పాత పత్రికలు కొని బొమ్మలు కత్తిరించి గూటిలోపల అతికించేవాడు. ఒకసారి రామాంజినమ్మను కూడా సినిమాకు తీసుకుపోయాడు. ఆమె ఆట మొదలైన కాసేపటికే నిద్రపోయింది. గురప్ప బాధపడలేదు. ఈమెవి కళ్ళు కావు, చెవులు అనుకున్నాడు. ఏ సాక్ష్యం వచ్చినా దాన్ని తన నమ్మకం వైపుకే తిప్పుకునే నేర్పు అప్పటికి అతనికి బాగా అబ్బింది.

చీర పూర్తయ్యాక సావుకారు హనుమంతరాయుడు దాన్ని వాకిట్లో వెలుతురుకు అడ్డంగా పట్టించి చూసేవాడు.

"ఈడ చూడు. జానెడు బిగువు. ఆపైన వదులు. మళ్ళా బిగువు. ఏమప్పా, మధ్యమధ్యలో నీకేమన్నా దయ్యం పడతాదా?"

"ఎండకు పోగు గట్టిపడి ఉంటాది సావుకారూ."

"ఎండ నీ ఇంట్లోనే కాస్తాదా? తిమ్మన్న చీర చూడు, నీళ్ళ మాదిరి ఉండాది."

గురప్ప తల వంచుకునేవాడు. వంచుకున్న తలలో చదువుకునేవాడు. ఈ బిగువు ఆ పాట. ఇదిగో ఈ సన్నటి వదులు దెబ్బ ఆగిన చోటు. ఎవరో ముక్కూమొహం తెలియని పెళ్ళికూతురు మద్రాసులో దీన్ని కట్టుకుని పీటల మీద కూర్చుంటుంది. తమ ఇద్దరి వాయింపు ఆమె ఒంటి చుట్టూ ఉంటుంది. ఆ ఊహతో అతను సావుకారు తిట్లన్నీ దాటేసేవాడు.

ఎనభైలో కదిరి మనిషి ఒకడు కువైట్ నుంచి తెచ్చుకున్న టేపురికార్డరు అమ్ముకుంటే గురప్ప కొన్నాడు. అప్పటి నుంచి పాట దానంతటది వచ్చేదాకా కాచుకునే పని లేదు. ఏ పాట ఎప్పుడు రావాలో అతని చేతిలో ఉంది. ఆ నలుగురిది ఒక పాట ఉంది. సగందాకా మెల్లగా, ఎవరో నిద్రలో నడుస్తున్నట్టు పోతుంది. తర్వాత దెబ్బ వచ్చి పడుతుంది, ఇక చివరిదాకా ఆగదు. దాన్ని ఊరికే పెట్టేవాడు కాదు. సంతోషమైన పొద్దునే పెట్టేవాడు. మంచి పట్టు దొరికినప్పుడు, కొంగులోని నెమలి అనుకున్నట్టు కుదిరినప్పుడు, పడమట మబ్బు పట్టినప్పుడు.

ఒకరోజు నిజంగానే వాన పడింది. చాలాకాలానికి పడిన వాన. వాకిట్లో మట్టి వాసన. గురప్ప ఆ క్యాసెట్టు వేశాడు. ఇద్దరూ చివరిదాకా నేశారు. పాట ఆగాక రామాంజినమ్మ నాడెను ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు ఇంగొకదాన్ని చేసుకోప్పా," అంది.

"ఏంది?"

"నేను అడ్డం రాను. మా నాయనతో కూడా నేనే చెప్తా."

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో గురప్ప ఎన్నడూ ఎత్తలేదు. అతనికి నవ్వొచ్చింది.

"కొళాయి కాడ ఆడోళ్ళు ఎక్కించినారా? వాళ్ళకు పనేమి?" అన్నాడు. ఇంకేదో చెప్పాలనిపించింది.  చేయి చాపి క్యాసెట్టు వెనక్కి తిప్పి, అదే పాట మళ్ళీ, ఇంకాస్త గట్టిగా పెట్టాడు. ఇంతకంటే మంచి జవాబు లోకంలో ఏ మొగుడూ ఇచ్చి ఉండడని అతని నమ్మకం. నాతో వాయించేది నువ్వు, ఇంకొకతె ఎందుకు అని ఆ పాట చేత చెప్పించాడు.

రామాంజినమ్మ నాడె తీసుకుంది. ఆ రోజు ఒక్క పోగూ తెగలేదు.

ఆమె కుడి భుజం నొప్పి అప్పటికే మొదలయింది. పడుకోబోయే ముందు ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టుకునేది. ఒక్కొక్కసారి గురప్పే పెట్టేవాడు.

"వాళ్ళకూ ఇట్లనే చేతులు నొస్తాయంట," అన్నాడొకసారి.

"ఎవరికి?"

"వాళ్ళకే."

ఆమె తల తిప్పి అతని మొహం కాసేపు చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

*

ధర్మవరానికి టీవీ వచ్చిన కొత్తలో హనుమంతరాయుడు ఒకటి కొన్నాడు. ఆదివారం సినిమాకు వీధంతా ఆయన ఇంట్లోనే. ఆడవాళ్ళూ పిల్లలూ హాల్లో చాపల మీద, మొగవాళ్ళు వసారాలో కిటికీ చువ్వలు పట్టుకుని. మొదట్లో గురప్ప పోయేవాడు కాదు. తన మనుషులు అందులో ఎప్పటికీ రారని అతనికి తెలుసు. ఒకరోజు చీర ఇవ్వడానికి పోతే టీవీలో అమ్మాయి ఏదో చెబుతూ ఆ నలుగురి పేరు పలికింది. వచ్చే వారం ఇదే రోజు సాయంత్రం విదేశీ పాటల కార్యక్రమంలో వాళ్ళు వాయిస్తారట.

గురప్ప చెప్పులు వేసుకున్నవాడు మళ్ళీ విప్పి లోపలికి వచ్చాడు. ఇన్నేళ్ళలో సావుకారును చీర మాట తప్ప ఏదీ అడిగింది లేదు.

"సావుకారూ, ఆ పొద్దు మా ఆమెకు ముందర చోటు ఇప్పియ్యల్ల."

"ఇంగ్లీషు పాటలకా? మీ ఆమెకా?"

"నాదేముంది, నేను కిటికీ కాడ నిలబడతా. ఆమె మాత్రం ముందర కూచోవల్ల."

సావుకారు భార్య లక్ష్మీనరసమ్మ వంటింట్లోంచే నవ్వింది. "పాపం, ఇంట్లో వినేది చాలదా దానికి? ఈడికొచ్చి కూడా వినల్లనా? కూచోమనప్పా, నా పక్కనే కూచోమను."

అతనికి కావలసింది ఆ నలుగుర్ని చూడడం అనుకున్నారు వాళ్ళు. వాళ్ళను పత్రికల్లో ఎన్నోసార్లు చూశాడు. చూడాలని ఉన్నది రామాంజినమ్మ మొహం. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని వాయించారు. పని ఎదురుగా ఉంటుంది కనుక ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ దెబ్బ పడే క్షణంలో ఆమె మొహం ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూస్తే చాలు. చూశాక ఇక అడగవచ్చు. నీకూ ఇది ఇంత ఇష్టమా అని. అవునంటుంది. అప్పుడు తిమ్మన్న నవ్వులూ సావుకారు తిట్లూ, ఇన్నేళ్ళ మూగతనమూ అన్నీ ఒక లెక్కన సరిపోతాయి.

ఆ రోజు అమావాస్య. అమావాస్యనాడు ఎవరూ మగ్గంలోకి దిగరు. వీధి వీధంతా చప్పుడు లేకుండా, చెవిలో నీళ్ళు పోయినట్టు ఉంది. రామాంజినమ్మ తలస్నానం చేసి, ఎందుకో అడగకుండానే మొగుడి వెనక నడిచింది. ఆమెను లక్ష్మీనరసమ్మ పక్కన కూర్చోబెట్టి గురప్ప వసారాలో పక్క కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కడి నుంచి టీవీ సగమే కనిపిస్తుంది. ఆమె మొహం పూర్తిగా కనిపిస్తుంది.

తెర మీదికి ఆ నలుగురూ వచ్చారు. పిల్లలు నవ్వారు.

"జుట్టు చూడప్పా, గంగిరెద్దుల మాదిరి," అన్నాడు తిమ్మన్న. "ఒరే, ఆ వెనకోడు చూడు. కాళ్ళతో కూడా కొడతాండాడు! రెండు కాళ్ళూ, రెండు చేతులూ. గుంత లేకుండా మగ్గం నేస్తాండాడు గదరా వీడు!"

వసారా అంతా నవ్వింది. తిమ్మన్న నోటి నుంచి ఒక నిజమైన మాట రావడం గురప్ప వినడం అదే మొదటిసారి. ఆ మాట రామాంజినమ్మకు కూడా వినిపించి ఉండాలని కోరుకున్నాడు.

రెండో పాటగా అదే వచ్చింది. మెల్లగా, నిద్రలో నడుస్తున్నట్టు. గురప్ప ఇక టీవీ చూడలేదు. టీవీ వెలుగులో ఆమె మొహం నీలంగా ఉంది. దెబ్బ పడబోతోందని తెలియగానే ఆమె ఒళ్ళో ఉన్న కుడిచేతి వేళ్ళు మూసుకున్నాయి. నాడె పట్టుకున్న వేళ్ళు. దెబ్బ పడింది. భుజం కదిలింది. దెబ్బ దెబ్బకూ ఆ చేయి చీర మడతల్లో ముందుకూ వెనక్కూ పోతోంది, ఒక్కటీ తప్పకుండా. పక్కనున్న లక్ష్మీనరసమ్మకు కూడా తెలియనంత చిన్నగా.

గురప్పకు కళ్ళు తడిశాయి. చువ్వ మీద నుదురు ఆనించాడు. ఇదే. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది ఇదే.

అప్పుడు ఆమె తల ఎత్తింది. టీవీని చూడలేదు. కిటికీలన్నీ వెతికింది. వసారాలో ఎవరెవరి మొహాలో దాటుకుని వచ్చి అతని మొహం దగ్గర ఆగింది. ఒక్క క్షణం చూసి తల దించేసుకుంది. నలుగురిలో మొగుణ్ణి చూడడానికి సిగ్గు అనుకున్నాడు గురప్ప.

*

ఇంటికి నడుస్తున్నప్పుడు ఇంకా వీధి దీపాలు వెలగలేదు. తిమ్మన్న వాళ్ళను ముందు పోనిచ్చి గురప్ప వెనకబడ్డాడు.

"చూసినావా?"

"చూసినా."

"వాడే చూడుమే. ఆ కొట్టేవాడు. ఇన్నేండ్లు మన ఇంట్లో కొట్టినోడు వాడే."

ఆమె కొంచెం దూరం నడిచింది. "పాపం," అంది.

"ఎవరు?"

"ఆ పాడేటోడు. వెనకనించి వాడు అట్ల కొడతాంటే ముందర నిలబడి పాడల్ల గదా. ఏం తప్పు చేసినాడో ఏమో."

గురప్ప నవ్వాడు. ఆమె హాస్యమాడడం అరుదు.

"తప్పేందిమే? అది కోపం కాదు. సంతోషం."

రామాంజినమ్మ నిలబడిపోయింది.

"సంతోషమా?"

"మరి?"

"నువ్వు కొట్టేదీ సంతోషమేనా?"

ఆ ప్రశ్న అతనికి వెంటనే అందలేదు. మొహం చూశాడు. ఇన్నేళ్ళుగా చూడాలనుకున్న మొహం ఎదురుగా, దగ్గరగా ఉంది. అందులో అతను ఊహించుకున్నదేదీ లేదు.

"ఏమంటాండావు నువ్వు?"

ఆమె ఏడవలేదు. సంతలో ఏమేం కొన్నదో చెప్పినట్టు చెప్పింది. "ఆ పాట పెట్టినావంటే ఈ పొద్దు నా మీద ఏదో ఉండాది అనుకుంటాంటి. మొదట మెల్లగా పోతాది చూడు, అప్పుడు నా తప్పులు ఎంచుకుంటాంటి. సంగటి అడుగంటిందనా. మా తమ్ముడు వచ్చి రెండు పొద్దులు ఉండి పోయినాడనా. మీ అమ్మకు ఎదురు చెప్పినాననా. ఏదీ దొరక్కపోతే బిడ్డలు లేరనే అనుకుంటాంటి. అంతలోకే నువ్వు కొట్టేది మొదలుపెడతాంటివి. నాడె తప్పితే ఏమైతాదో అని... దాన్ని తప్పనీకుండా చూసుకుంటే చాలు, ఈ పొద్దుకు గడిచిపోతాది అనుకుంటాంటి."

"నేను ఒక్క పొద్దన్నా నీ మీద చెయ్యి చేసుకున్నానా?"

"లేదు."

"నోరు జారినానా?"

"లేదు. అందుకే."

"అందుకే ఏంది?"

"మా నాయన తిడతాండె, కొడతాండె. కొట్టి కూచుని అన్నం తింటాండె. అయిపోయిందని తెలుస్తాండె మాకు. నువ్వు నన్నేమీ అనవు. అంతా దాంట్లోనే పెడతాంటివి." ఆమె భుజం మీద కొంగు సర్దుకుంది. "వానొచ్చిన పొద్దు ఇంగొకదాన్ని చేసుకోమంటి. అది విని నువ్వు మళ్ళా అదే పెట్టి ఇంకా గట్టిగా కొట్టినావు. ఇంగ ఆ మాట ఎత్తకూడదు, ఈయనకు అది కూడా కోపమే అనుకున్నా."

"అడిగితే పోయేది గదమే నన్ను."

"నువ్వు అడిగినావా?"

తిమ్మన్న దూరం నుంచి కేకేశాడు. "ఏమప్పా, ఆడనే ఇంగ్లీషులో మాట్లాడుకుంటాండారా? రాండి!"

ఆమె నడిచింది. కొంచెంసేపటికి గురప్ప కూడా నడిచాడు.

*

ఆ రాత్రి అతను మొదట చేసింది సాక్ష్యాలు వెతకడం. ఆ పాట పెట్టిన పొద్దులన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ సంతోషపు పొద్దులే. అది రుజువు చేసి రేపు ఆమెకు చెప్పాలి. వాన పడిన పొద్దు. నెమలి కుదిరిన పొద్దు. కొత్త జరీ వచ్చిన పొద్దు. వెతుకుతూ పోతే వాటి మధ్య ఇంకొన్ని కనిపించాయి. బామ్మర్ది బస్సెక్కి వెళ్ళిపోయిన పొద్దు పెట్టాడు. పోయాడు కదా అని హాయిగా ఉండి పెట్టానని అప్పుడనుకున్నాడు. అమ్మ వచ్చి, పక్క వీధిలో ఎవరికో కొడుకు పుట్టాడని చెప్పి పోయిన మధ్యాహ్నం పెట్టాడు. ఆ పొద్దు నెమలీ లేదు, మబ్బూ లేదు. మరి ఎందుకు పెట్టాడు? ఆ దెబ్బ వచ్చి పడుతుంటే ఛాతీలోంచి ఏదో ఖాళీ అయిపోవడం అతనికి బాగా గుర్తుంది. దానికి సంతోషమని పేరు పెట్టుకున్నాడు. పెట్టింది తానే. సరిచూసిన మనిషి ఎవరూ లేరు.

ఒకరు ఉన్నారు. ఆమె జానెడు దూరంలో కూర్చుని, దాని ప్రతి దెబ్బా ఒంటి మీద తీసుకుంది. లోపల ఉన్న తనకంటే పక్కన ఉన్న ఆమెకే బాగా వినిపించి ఉంటే?

డ్రైవరు దొర చెవి మీద వేలితో తట్టుకోవడం గుర్తొచ్చింది. ఆయన క్వార్టరులో ఒక్కడే ఎందుకు ఉండేవాడో గురప్ప ఎన్నడూ ఆలోచించలేదు.

తెల్లవారాక ఇద్దరూ మగ్గంలోకి దిగారు. గూట్లో టేపురికార్డరు ఉంది. గురప్ప దాని వైపు చూడలేదు. మెల్లగా, సమంగా, తిమ్మన్న నేసినట్టు నేయడం మొదలుపెట్టాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలినంత ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో ఆమెకు తన మాట అందుతుందని ఆశ.

మూడో నాడె తడబడింది. ముందు వచ్చింది, తర్వాత ఆలస్యంగా వచ్చింది. చాలా ఏళ్ళుగా లేనిది, అంచులో పోగు తెగింది. ఆమె ముడి వేసింది. మళ్ళీ తెగింది. 

"పాట పెట్టు," అంది.

"వద్దులేమే. ఇంగ అది వద్దు."

"పెట్టు. లేకుంటే ఎంత ఉండాదో నాకెట్ల తెలిసేది?"

"ఏం ఉండాది?"

ఆమె తెగిన పోగు కొస వెతుక్కుంటోంది.

"నాకు కోపం లేదు. నిన్న చెప్పినా గదా, అది సంతోషమని. నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు."

"సరే. లేదులే," అంది రామాంజినమ్మ, పిల్లవాడికి సర్దిచెప్పినట్టు. "పెట్టు."

గురప్ప చేయి చాపి మీట నొక్కాడు. పాట మెల్లగా నడవసాగింది. ఆమె వీపు నిటారయింది. వేళ్ళు నాడె మీద కుదురుకున్నాయి. తెలిసిన చోటికి వచ్చినట్టు ఊపిరి పీల్చుకుంది. ఎంచుకుంటోందని అతనికి తెలుసు. ఏమేం ఎంచుకుంటోందో కూడా ఇప్పుడు తెలుసు.

దెబ్బ దగ్గర పడుతోంది. ఈసారి పరుగెత్తకూడదనుకున్నాడు. పాట దారిన పాట పోతుంది, తన చేయి తన చేతిలో ఉంటుంది. పలకను రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఆపాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మణికట్టు నరాలు లేచాయి. పట్టుకోవడానికి అంత బలం ఎందుకు కావలసి వచ్చిందో అని అతనికి భయం వేసింది.

పాటలో దెబ్బ పడింది. మూడో నాడె అప్పటికే దాటిపోయి, చేయి వెనక్కి వచ్చేసింది. పలక రాలేదు. రావలసినది రాకపోయేసరికి, ఎప్పుడు వస్తుందో తెలియక, రామాంజినమ్మ భుజం ఎత్తి, తల కొంచెం పక్కకు వంచి కూర్చుంది.